కాగితాలన్నీ ఉన్న ఇటాలియన్ క్లాసిక్ కారు: ఎక్కడ అమ్మితే ఆ కాగితాలకూ విలువ దక్కుతుంది?

నిరుడు వేసవిలో నా 1969 ఆల్ఫా రోమియో 1750 జీటీవీని అమ్మాను. పదకొండేళ్లు నా దగ్గరున్న కారు అది. అందులో నాలుగేళ్లు విప్పదీసిన ముక్కలుగానే గడిచాయి. తలుపులు కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ గ్యారేజీ గోడకు ఆనించి ఉండేవి, ఇంజిన్ ఒకరి దగ్గర, ఒళ్లంతా ఇంకొకరి దగ్గర. అమ్మాలన్న నిర్ణయం ఒక్క సాయంత్రంలో తీసుకున్నాను. ఎక్కడ అమ్మాలో తేల్చుకోవడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది.

ఈ మధ్య డాలస్ నుంచి ఒక మిత్రుడు ఫోను చేశాడు. అతని దగ్గర చక్కగా బాగు చేయించిన ఆల్ఫా స్పైడర్ (పైకప్పు తెరుచుకునే కారు) ఉంది. "అన్నయ్యా, వేలానికి పంపమంటావా, డీలరుకు ఇచ్చేయమంటావా?" అని అడిగాడు. అతనికి గంటన్నర పాటు చెప్పిన మాటలనే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ 1960లు, 70ల నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారును, దానితో పాటు దాని చరిత్ర అంతా చెప్పే ఫైలును పెట్టుకుని ఎటూ తేల్చుకోలేని వారి కోసం ఇది.

## ముందు ఏ కొలతలు పెట్టుకోవాలి

అందరూ మొదట అడిగేది "ఎంతకు పోతుంది?" అని. ఎంతకు పోయిందన్నది కాదు, ఖర్చులన్నీ పోగా మీ చేతికి ఎంత వచ్చిందన్నది లెక్క. రెండోది కాలం: మూడు వారాల్లో డబ్బు కావాలా, మూడు నెలలు ఆగగలరా, ఏడాదైనా పరవాలేదా? మూడోది మీ శ్రమ. ఫొటోలు తీయడం, ప్రశ్నలకు జవాబులివ్వడం, తెలియని మనుషులను ఇంటికి రానివ్వడం అందరికీ నచ్చే పనులు కావు. నాలుగోది నష్టభయం: డబ్బు అందకముందే కారు చేయి దాటే అవకాశం ఎంత?

ఇక ఐదోది. నా దృష్టిలో మిగతా నాలుగింటి కన్నా ఇదే ముఖ్యం. మీ ఫైలును ఎవరు చదువుతారు?

ఒకే మోడలు, ఒకే ఏడాది, చూడటానికి ఒకేలా మెరిసే రెండు కార్ల మధ్య ధరలో తేడా తెచ్చేది పైకి కనిపించని పని. జీటీవీలో తలుపుల కింద ఉండే సిల్లు మూడు పొరల రేకు. పై పొర ఒక్కటే మార్చి రంగు వేస్తే కొత్తదానిలాగే ఉంటుంది, లోపల మాత్రం తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. నేను మూడు పొరలూ కోయించి కొత్తవి వేయించాను. కోసినప్పటి ఫొటోలు, లోపల తుప్పు నిరోధక పూత పూసినప్పటి ఫొటోలు, మూసి వెల్డింగ్ చేసినప్పటి ఫొటోలు తేదీలతో సహా ఉన్నాయి. ఆ ముప్పై ఫొటోలు చూసిన వాడు ఒక ధర చెబుతాడు. చూడని వాడు అనుమానాన్ని కూడా లెక్కలో వేసుకుని ఇంకో ధర చెబుతాడు. కాబట్టి ఏ మార్గంలో వెళితే ఆ ఫొటోలను ఓపికగా చూసేవారు దొరుకుతారో వెతుక్కోవాలి.

## ఫైలు అంటే ఏమిటి

రసీదుల కట్ట ఫైలు కాదు. నాలుగు విభాగాలుగా సర్దండి: కారు పుట్టుక, యజమానుల వరుస, చేసిన పని, ఇప్పటి స్థితి.

పుట్టుక దగ్గర కొంచెం ఆగుతాను. ఆల్ఫా రోమియోకు మిలాన్ దగ్గరి అరేజెలో పత్రాల భాండాగారం ఉంది. ఛాసిస్ నంబరు ఆధారంగా కారు ఎప్పుడు తయారైందో, ఫ్యాక్టరీలో ఏ రంగు వేశారో, ఏ దేశానికి వెళ్లిందో అక్కడి నుంచి తెలుసుకోవచ్చు. నేను కొన్నప్పుడు నా కారు ఎరుపు. ఇటాలియన్ కారంటే ఎర్రగానే ఉండాలన్న నమ్మకంతో ఎవరో ఎప్పుడో మార్చారు. అరేజె నుంచి వచ్చిన కాగితంలో మాత్రం తొలి రంగు జాల్లో ఓక్రా అని ఉంది, అంటే ఎండిన పసుపు కొమ్ము రంగు. ఆ రోజు రాత్రి టార్చిలైటు పట్టుకుని డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఒక మూల ఊడదీశాను. దాని కింద గోరంత వెడల్పున ఆ పసుపు ఇంకా మిగిలి ఉంది. రంగు గీకేయకముందే దాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాను. తరవాత కారును ఆ రంగుకే తీసుకొచ్చాం. నాలుగేళ్లలో నేను తీసిన వందల ఫొటోల్లో కొనుగోలుదారులు ఎక్కువసార్లు అడిగింది ఆ ఒక్క ఫొటోనే.

ఫెరారీ, లేదా ఫెరారీ వాళ్లే డీనో పేరుతో చేసిన కారు అయితే లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. డీనో 246కు మరనెల్లోలోని ఫెరారీ క్లాసికే విభాగం ఇచ్చే ధ్రువీకరణ చాలా విలువైనది. ఇంజిన్, గేర్‌బాక్సు ఆ కారుతో పుట్టినవేనా అన్నది వాళ్లు ఫ్యాక్టరీ రికార్డులతో సరిచూస్తారు.

మార్చిన వాటిని దాచకండి. 1969 నుంచి అమెరికాకు వచ్చిన ఆల్ఫాల్లో కార్బొరేటర్లకు బదులు స్పీకా అనే యాంత్రిక ఇంధన ఇంజెక్షన్ ఉండేది. దాన్ని సర్దగలిగిన మెకానిక్కులు తగ్గిపోవడంతో చాలామంది తీసేసి వెబర్ కార్బొరేటర్లు పెట్టించుకున్నారు. నా కారులోనూ వెబర్లే ఉన్నాయి. స్పీకా పంపును మాత్రం పారేయకుండా నూనె పూసి, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాను. ఆ సంగతి ప్రకటనలో రెండో పేరాలోనే రాశాను.

ఒక జాగ్రత్త: పాత రసీదుల స్కాన్లను ఎక్కడైనా పెట్టే ముందు పాత యజమానుల పేర్లు, చిరునామాలు కనిపించకుండా చేయండి. అసలు కాగితాలను డబ్బు చేతికందే వరకు ఎవరికీ ఇవ్వకండి.

## ఐదు మార్గాలు, ఒకే లెక్క

పోలిక తేలిగ్గా ఉండటానికి ఒక ఊహ చేద్దాం. మీ కారు కోసం కొనే మనిషి అన్నీ కలిపి 90,000 డాలర్లు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వేలం సంస్థ కొనేవారి దగ్గర పాట ధర మీద ప్రీమియం అనే అదనపు రుసుము వసూలు చేస్తుంది కాబట్టి అది మీకు సంబంధం లేని ఖర్చు అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కొనేవాడు తన జేబులోంచి పోయే మొత్తాన్ని చూసుకునే పాట పాడతాడు. అంటే ఆ ప్రీమియం మీ ధరలోంచే తెగుతుంది.

కింది పట్టికలో ప్రత్యక్ష వేలానికి కొనేవారి ప్రీమియం 12 శాతం, మీ కమీషను 8 శాతం, రవాణా వగైరాలకు 2,000 డాలర్లు వేసుకున్నాను. ఆన్‌లైన్ వేలానికి కొనేవారి రుసుము 5 శాతం, ఫొటోలు, ప్రకటనకు 700 డాలర్లు. కారును డీలరుకు అప్పగించి అమ్మించుకునే మార్గానికి 10 శాతం కమీషను. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మీ ఒప్పందంలో ఉన్న అంకెలు పెట్టుకుని మళ్లీ లెక్కవేయండి.

| మార్గం | మీ చేతికి వచ్చేది (డాలర్లు) | పట్టే కాలం | ఫైలు చదివేవారు | మీ శ్రమ |
|---|---|---|---|---|
| ప్రత్యక్ష వేలం | సుమారు 71,900 | తేదీ ఖాయం, ముందు కొన్ని నెలల ఎదురుచూపు | సంస్థ నిపుణులు, కొద్దిమంది గట్టి కొనుగోలుదారులు | తక్కువ |
| ఆన్‌లైన్ వేలం | సుమారు 85,000 | మొత్తం ఒకటి, రెండు నెలలు | చాలామంది, చాలా లోతుగా | చాలా ఎక్కువ |
| డీలరుకు అప్పగింత | సుమారు 81,000 | చెప్పలేం | డీలరు చదివి చెప్పినంత | తక్కువ |
| డీలరుకు నేరుగా అమ్మకం | 70,000 చుట్టుపక్కల | కొద్ది రోజులు | డీలరు ఒక్కరే | లేనట్టే |
| క్లబ్బు ద్వారా, సొంతంగా | 85,000 నుంచి 90,000 | వారం కావచ్చు, ఏడాది కావచ్చు | అసలు కొనే మనిషే | ఎక్కువ |

పట్టిక చూసి వెంటనే నిర్ణయానికి రాకండి. ఒకే మనిషి ఐదు చోట్లా 90,000 పెడతాడన్న ఊహ మీద అది నిలబడింది. నిజానికి ఒక్కో చోటికి వచ్చే మనుషులు వేరు.

## ప్రత్యక్ష వేలం

ఆర్‌ఎం సదబీస్, గుడింగ్ క్రిస్టీస్, బోనమ్స్ వంటి సంస్థలు నడిపే వేలాలివి. ఆగస్టులో మాంటరే కార్ వీక్, జనవరిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్ వీటికి పెద్ద సంతలు. వేదిక మీద దీపాల కింద కారు తిరుగుతుంది, ఫోన్లలో ఐరోపా నుంచి పాట వస్తుంది, కొద్ది నిమిషాల్లో కథ ముగుస్తుంది.

అరుదైన కారుకు ఇదే సరైన చోటు. లాన్సియా ఔరేలియా బీ24 స్పైడర్లు తయారైనవి 240 మాత్రమే. అలాంటి దానికి గిరాకీ మీ రాష్ట్రంలో ఉండదు, ప్రపంచంలో అక్కడక్కడా పది మంది దగ్గర ఉంటుంది. వాళ్లందరినీ ఒకే గంటలో ఒకచోట చేర్చడం ఈ సంస్థలకు తెలిసిన విద్య. 1927 నుంచి 1957 వరకు ఇటలీలో జరిగిన అసలు మిల్లె మిల్యా కార్ల పందెంలో పాల్గొన్న మోడళ్లకే నేటి స్మారక పరుగులో చోటు దొరుకుతుంది. ఆ అర్హత ఉన్న కారైతే దాని చరిత్ర పత్రాలను కేటలాగులో పేజీలకు పేజీలు పరిచి చూపిస్తారు. డీనో 246 కూడా, క్లాసికే ధ్రువీకరణ ఉంటే, ఇక్కడ బాగానే పలుకుతుంది.

నా జీటీవీ లాంటి కారు విషయంలో మాత్రం నేను వద్దనే చెబుతాను. కోట్ల విలువైన ఫెరారీల మధ్య అది మధ్యాహ్నం పూట, హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు వేదికెక్కుతుంది. నాలుగేళ్ల పనికి కేటలాగులో దక్కేది రెండు పేరాలు. సిల్లు లోపలి ఫొటోలు అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. రిజర్వు ధర (ఇంతకు తక్కువైతే అమ్మనన్న కనీస ధర) లేకుండా పంపమని ఒత్తిడి వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ రోజు హాల్లో ఇద్దరు సరైన మనుషులు లేకపోతే దిక్కులేదు. ఒప్పందంలో విక్రేత కమీషను, ప్రవేశ రుసుము, అమ్ముడుపోకపోతే కట్టాల్సినది, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు అన్న నాలుగూ రాతపూర్వకంగా అడగండి. కమీషను బేరానికి లొంగుతుంది. మంచి కారైతే బాగా లొంగుతుంది.

## ఆన్‌లైన్ వేలం

నేను ఎంచుకున్నది ఇదే. బ్రింగ్ ఎ ట్రెయిలర్ వంటి వేదికలో పాట ఏడు రోజులు నడుస్తుంది. చివరి రెండు నిమిషాల్లో కొత్త పాట వస్తే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళుతుంది కాబట్టి ఆఖరి క్షణంలో ఎగరేసుకుపోవడం కుదరదు. 250 ఫొటోలు పెట్టాను. ఎక్కువ కాలేదు.

ఇక్కడికి వచ్చేవారు చదువుతారు, నిజంగా చదువుతారు. మొదటి గంటలోనే ఒకాయన, చల్లబడిన ఇంజిన్‌ను స్టార్టు చేసే వీడియో ఉందా అని అడిగారు. ఇంకొకరు మూడో గేరు నుంచి రెండో గేరుకు దించే వీడియో కావాలన్నారు. ఆ కాలపు ఆల్ఫా గేర్‌బాక్సుల్లో రెండో గేరు మెత్తగా పడేలా చేసే సింక్రో అనే భాగం బలహీనమని తెలిసిన వారు అడిగే ప్రశ్న అది. రెండూ ముందే తీసి పెట్టుకున్నాను. మూడో రోజు ఒకరు వెనుక సీటు మీది అల్లిక ఆ ఏడాదికి చెందినది కాదని పట్టుకున్నారు. ఆ సంగతి నాకే తెలియదు. పాత ఫొటోలు తీసి చూస్తే ఆయన మాటే నిజం. తప్పు ఒప్పుకుని అక్కడే రాశాను. పాట ఆగలేదు.

దీని ధర మీ నిద్ర. ఆ ఏడు రోజులూ సెలవు పెట్టుకోవాలి. ప్రశ్నకు ఆరు గంటలు జవాబు రాకపోతే ఏదో దాస్తున్నారని అనుకుంటారు. కటువుగా మాట్లాడే వారూ ఉంటారు, వారికీ కాగితంతోనే బదులివ్వాలి. రిజర్వు అందక కారు మిగిలిపోతే ఆ అంకె అందరికీ కనబడేలా శాశ్వతంగా ఉండిపోతుంది, తరవాత ఎవరు బేరమాడినా దాన్నే చూపిస్తారు. అందుకే రిజర్వును ఆశతో పెట్టకండి, "ఇంతకు తక్కువైతే కారు నా దగ్గరే ఉండనీ" అనిపించే చోట పెట్టండి. కాగితాలు సగం సగం ఉన్న కారును మాత్రం ఇక్కడ పెట్టకపోవడమే మేలు.

## డీలరుకు అప్పగించడం

కారు వారి షోరూములో ఉంటుంది, యాజమాన్యం మీ పేరు మీదే ఉంటుంది, అమ్మాక కమీషను తీసుకుంటారు. ఇటాలియన్ కార్లే అమ్మే మంచి నిపుణుడు దొరికితే సుఖమైన మార్గం. కొనేవారు ఆయన మాట నమ్ముతారు, మీ ఫైలులో ఏ కాగితం ఎవరికి చూపాలో ఆయనకు తెలుసు.

దీని ప్రమాదం మాత్రం నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట నా తొలి ఆల్ఫాను ఒక డీలరుకు అప్పగించాను. కారు అమ్ముడుపోయింది, నాకు చెప్పలేదు. ఐదు వారాల తరవాత వేరేవారి ద్వారా తెలిసింది. డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు, ఒక న్యాయవాది ఉత్తరం అవసరమయ్యాయి. ఆ వ్యాపారం ఈలోగా దివాలా తీసి ఉంటే నా కారు అప్పులవాళ్ల ఆస్తుల జాబితాలోకి వెళ్లే ప్రమాదం ఉండేదని ఆ న్యాయవాది చెప్పినప్పుడు గుండె జారిపోయింది.

అందుకని ఇవి పాటించండి. సంతకం చేసిన టైటిల్ (యాజమాన్య) కాగితాన్ని కారుతో పాటు ఇవ్వకండి, డబ్బు పడ్డాకే ఇవ్వండి. కారు మీ ఆస్తి అని తెలిపే యూసీసీ-1 అనే ప్రకటనను కారు అప్పగించక ముందే రాష్ట్ర కార్యాలయంలో దాఖలు చేయవచ్చు. డీలరుకు అప్పులిచ్చిన వారికి తెలియజేయడం కూడా ఇందులో భాగం కాబట్టి న్యాయవాది చేత చేయించండి. ఖర్చు కారు విలువ ముందు లెక్కలోది కాదు. షోరూములో ఉన్నంతకాలం బీమా ఎవరిదో, పరీక్షకు ఎంత దూరం నడపనిస్తారో, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో ఒప్పందంలో ఉండాలి. కనీస ధర మీరు రాతలో ఇవ్వాలి.

## డీలరుకు నేరుగా అమ్మేయడం

ఆయనకూ లాభం మిగలాలి, కాబట్టి తక్కువే వస్తుంది. ఫైలుకు విలువ కట్టడు, ఫైలును తన అమ్మకానికి వాడుకుంటాడు. దేశం మారిపోతున్నవారికి, యజమాని పోయాక కారు గురించి ఏమీ తెలియని కుటుంబానికి ఇది తప్పు మార్గం కాదు. ముగ్గురి దగ్గరైనా ధర అడగండి, అంతే.

## క్లబ్బు ద్వారా, సొంతంగా

ఆల్ఫా రోమియో ఓనర్స్ క్లబ్ అమెరికాలో 1958 నుంచి ఉంది. మీ కారును సమావేశాల్లో ఏళ్ల తరబడి చూసినవారు, అమ్మితే నాకు చెప్పండి అన్నవారు అక్కడ ఉంటారు. కమీషను లేదు. మీ ఫైలును మీ ఎదురుగా కూర్చుని చదివే మనిషి దొరుకుతాడు. తొందర లేనివారు, నలుగురిలో ధర బయటపడటం ఇష్టం లేనివారు ముందు ఇక్కడే రెండు నెలలు ప్రయత్నించాలని నా సలహా. నేనూ ప్రయత్నించాను. ఒకరు దాదాపు కొన్నారు, వాళ్ల గ్యారేజీలో చోటు కుదరక ఆగిపోయింది.

ఇబ్బంది డబ్బు దగ్గరే. బ్యాంకు చెక్కుల్లోనూ నకిలీలు ఉంటాయి. కొనేవారి బ్యాంకుకు వారితోనే కలిసి వెళ్లండి, లేదా బ్యాంకు వైరు బదిలీ ద్వారా తీసుకుని, డబ్బు పడినట్టు మీ బ్యాంకుకు, మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోండి. చూడకుండానే అడిగినంత ఇస్తాను, మా మనిషి వచ్చి కారు తీసుకెళతాడు అనేవారికి జవాబే ఇవ్వకండి. కొనడానికి నిజంగా వచ్చినవారు తమ మెకానిక్ చేత చూపించుకుంటామంటే సంతోషంగా ఒప్పుకోండి. రంగు మందం కొలిచే పరికరం వారు తెచ్చేలోగా మీరే కొలిచి, ఆ అంకెల కాగితం ఫైలులో పెట్టి ఉంటే ఇంకా మంచిది.

## మరి మీరు ఎటు?

కారు అరుదైనది, విలువ లక్షల డాలర్లలో, ఫ్యాక్టరీ ధ్రువీకరణ ఉంది అంటే ప్రత్యక్ష వేలం. కమీషను గట్టిగా బేరమాడండి. జీటీవీ, స్పైడర్, లాన్సియా ఫుల్వియా వంటి కారు, ఫైలు నిండుగా ఉంది, ప్రశ్నలకు ఓపిక ఉంది అంటే ఆన్‌లైన్ వేలం. నా ఓటు దానికే. ఓపిక లేదు, కాలం ఉంది అంటే నమ్మకమైన నిపుణుడికి అప్పగింత, పైన చెప్పిన షరతులతో. డాలస్‌లోని స్పైడర్‌కు ముందు క్లబ్బు, అక్కడ కుదరకపోతే ఆన్‌లైన్ అని నా మిత్రుడికి చెప్పాను.

కొందరు ఇండియాకు పంపి అక్కడ అమ్మవచ్చా అని అడుగుతున్నారు. హైదరాబాద్‌లో పాత కార్లను ప్రాణంగా చూసుకునేవారు ఉన్నారు, నిజమే. కానీ దిగుమతి సుంకాలన్నీ కలిస్తే కారు ధరనే మించిపోతాయి. అమ్మకం కోసమైతే ఆ ఆలోచన వదిలేయండి.

పన్ను సంగతి మరచిపోవద్దు. అమెరికాలో ఇలాంటి కారు మీద వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని సాధారణంగా సేకరణ వస్తువు మీద లాభంగా చూస్తారు, దానికి ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. సొంత వాడకం కారు మీద నష్టం వస్తే మినహాయింపు లేదు. అయితే బాగు చేయించడానికి పెట్టిన ఖర్చు కారు అసలు ఖరీదుకు కలుస్తుంది, లాభం ఆ మేరకు తగ్గుతుంది. దానికి రుజువు మీ ఫైలులోని రసీదులే. అందుకే కొనేవారికి అసలు కాగితాలు ఇచ్చే ముందు ప్రతి రసీదునూ స్కాన్ చేసి పెట్టుకోండి. పన్ను సలహాదారు ముందు కూర్చున్నప్పుడు ఆ స్కాన్లే పని చేస్తాయి.

నా కారు ఓరెగాన్‌కు వెళ్లింది. కొన్నాయన ట్రెయిలరుతో స్వయంగా వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, గ్యారేజీ గడప మీద కూర్చుని ఫైలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. మా ఆవిడ రెండోసారి కాఫీ తెచ్చేసరికి సిల్లు ఫొటోల దగ్గర ఉన్నారు. వెళ్లేటప్పుడు స్పీకా పంపు ఉన్న పెట్టెను ట్రెయిలరులో పడేయకుండా తన పక్క సీటులో పెట్టుకుని బెల్టు కట్టారు.

కాలిఫోర్నియాలో ఉన్నవారు వాహనం చేతులు మారిన ఐదు రోజుల్లోగా యాజమాన్య బదిలీ, బాధ్యత విడుదల నోటీసును మోటారు వాహనాల శాఖకు ఇవ్వాలి. నేను ఆ రాత్రే ఇచ్చేశాను. బీమాను మాత్రం, కారు క్షేమంగా చేరిందని ఆయన ఫోను చేశాకే రద్దు చేయించాను.